మా మరదలి అరలో చోటు

మా తమ్ముడి బ్లాగుకు మొదట్లో ఇద్దరే పాఠకులు. ఒకడు వాడే. రెండోదాన్ని నేను. నేనేదో ముచ్చటపడి చదివానని పొరబడకండి. పొద్దున్నే నా టైలరింగ్ షాపు షట్టరు ఎత్తడానికి సాయం చేస్తానన్న వంకతో దిగేవాడు. ఫోను నా ముక్కు కింద పెట్టి, నేను ఆఖరి వాక్యం దాకా వచ్చేవరకు అక్కడే పాతేసినట్టు నిలబడేవాడు. సూదిలో దారం ఎక్కించుకునే వేళ గొడుగు ఆత్మకథ చదవమంటే ఎవరికి ఒళ్లు మండదు చెప్పండి?

ముందు వాడి ఉద్యోగం సంగతి చెప్పాలి. నా షాపుకు ఎదురుగా బస్సు డిపో. గేటు దాటి లోపలికి వెళ్తే, టైర్లు పేర్చిన షెడ్డు పక్కన, ఒకే కిటికీ ఉన్న పొడుగాటి గది ఒకటి ఉంటుంది. జనం బస్సుల్లో మర్చిపోయిన సామానంతా ఆ గదికే వస్తుంది. దాన్ని తుడిచి, అరల్లో సర్ది, సొంతదారు వచ్చినప్పుడు అప్పగించడం మా వాడి పని. గొడుగులు, కళ్లజోళ్లు, భోజనం డబ్బాలు, జత లేని చెప్పులు, ఓసారి పెళ్లికొడుకు కోటు, ఇంకోసారి కట్టుడు పళ్ల సెట్టు. పళ్లు బస్సులో వదిలేసి దిగినాయన ఇంటికి వెళ్లి ఏం నమిలాడో అని వీడు చాలా రోజులు దిగులుపడ్డాడు. అంత మెత్తని మనిషి.

ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా కిటికీ దగ్గరికి వచ్చి "నా సంచి పోయిందండీ" అంటే వీడు సంచి తీసి చూపించకూడదు. అది ఏ రంగో కూడా తన నోటితో అనకూడదు. "ఎలా ఉంటుంది? లోపల ఏముంది? ఏదైనా గుర్తు చెప్పండి" అని అడగాలి, అంతే. వచ్చినవాళ్లు చెప్పాలి, వీడు వినాలి. గుర్తు కలిస్తేనే వస్తువు కిటికీ దాటుతుంది. ఉద్యోగంలో చేరిన రోజున పాత గుమాస్తా వాడికి నేర్పిన మొదటి పాఠం అదేనట, నోరు మూసుకుని చెవులు తెరవమని.

పగలంతా నోరు మూసుకుని కూర్చునే మనిషికి లోపల మాటలు ఊరకుండా ఉంటాయా? బ్లాగు పెట్టాడు. వారం వారం ఒక పోయిన వస్తువు మీద రాసేవాడు. మచ్చుకు ఒకటి చెప్తాను, ఓపిక పట్టండి. "ఓ గొడుగా! నీ యజమాని నిన్ను విడిచి వెళ్లిన ఆ వాన సాయంత్రం, నీ ఊచల వెంట జారింది వాన నీరా, కన్నీరా?"

"ఒరేయ్, బస్సులో గొడుగు మర్చిపోయారంటే దిగేటప్పటికి వాన వెలిసిపోయిందనేగా అర్థం? జోరున కురుస్తుంటే గొడుగు ఎవడు మర్చిపోతాడ్రా?" అన్నాను.

"నీకు భావుకత లేదక్కా" అన్నాడు.

"ఉన్న భావుకతంతా జాకెట్ల చేతులు ఎక్కించడానికే సరిపోతోంది. తప్పుకో, వెలుతురు అడ్డు."

బ్లాగు కింద ఎంతమంది చదివారో చూపించే అంకె ఒకటి ఉంటుంది. వీడు రోజుకు పదిసార్లు దాన్ని చూసుకునేవాడు. అలా చూసినప్పుడల్లా అది వీడినే ఒకడిగా కలుపుకునేది. అది తెలిశాక వాడి మొహం చూడాలి, పాపం.

ఆ దిగులులో ఉండగా డిపోలో ఒక బక్క కండక్టరు వీడికి ఉపదేశం చేశాడు. "సార్, కొట్టు తెరిచి లోపల కూర్చుంటే ఎవరొస్తారు? బుక్‌మార్కింగ్ సైట్లని ఉంటాయి, అక్కడ పెట్టండి" అన్నాడట. ఆ సైట్ల సంగతి వాడు నాకు చెప్పిన తీరులోనే చెప్తాను. ఇంటర్నెట్‌లో ఏదైనా పేజీ నచ్చితే, మళ్లీ దొరకదేమోనని దాని లింకు అక్కడ దాచుకుంటారు. ఎవరి అర వాళ్లకు ఉంటుంది. లింకు మీద ఇది దేని గురించో చెప్పే చీటీ అంటిస్తారు. దాన్ని ట్యాగ్ అంటారులెండి. ఆ అర లోకమంతటికీ కనిపిస్తుంది. ఒకే లింకును ఎక్కువమంది దాచుకుంటే అది పైకి పాకి మొదటి పేజీలో కూర్చుంటుంది. తోటపని కావాలనుకున్నవాళ్లు తోటపని అని వెతికితే ఆ చీటీ ఉన్నవన్నీ వచ్చి ముందు పడతాయి.

మా వాడికి రెక్కలు వచ్చాయి. మర్నాడే డిపో మొత్తాన్నీ అలాంటి ఒక సైటులో చేర్పించాడు. డ్రైవర్లు, కండక్టర్లు, బస్సులు కడిగేవాళ్లు, టైర్ల షెడ్డు మేస్త్రీ, అందరూ టీ టైములో ఆఫీసు కంప్యూటరు ముందు వరస కట్టి, ఒక్కొక్కరే వచ్చి మా వాడి పేజీని దాచుకుని వెళ్లేవారు. మేస్త్రీ అయితే, "ఇంతకీ గెలిస్తే మనకేం చేస్తాడు ఈయన?" అని అడిగాడట. ఏదో ఎన్నికలనుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. జనం ఎక్కువగా ఏం వెతుకుతారని వీడు కండక్టరును అడిగాడు. జుట్టు రాలడం, బరువు తగ్గడం, పంటి నొప్పి, పెళ్లి సంబంధాలు అన్నాడతను. ఇంకేం, దువ్వెన మీద రాసినదానికి జుట్టు రాలడం అని చీటీ అంటించాడు. కట్టుడు పళ్లకు పంటి నొప్పి. పెళ్లికొడుకు కోటుకు పెళ్లి సంబంధాలు. ఒంటి చెప్పుకు ఏం పెట్టాలో తోచక, నడకతో బరువు తగ్గండి అని పెట్టాడు.

జనం వచ్చారండీ. అంకె గిర్రున తిరిగింది. వీడు రోడ్డు అటూ ఇటూ చూడకుండా దాటి, నా షాపులోకి ఎగురుకుంటూ వచ్చి, "అక్కా! చూశావా!" అని నన్ను ఊపేశాడు. చేతిలో కత్తెర ఉంది నాకు. మెల్లగా వాడి ఫోను లాక్కుని ఆ వచ్చినవాళ్లు కింద ఏం రాశారో చదివాను.

"అన్నా, జుట్టు ఊడిపోతోంది మొర్రో అని వస్తే దువ్వెన ఏడుపు వినిపిస్తావా?" అని ఒకడు. "పన్ను సలుపుతోంది, నీకు దణ్ణం పెడతాను, మందేదో చెప్పు" అని ఇంకొకాయన. అందరికంటే మర్యాదస్తురాలు ఒకావిడ రాసింది: "మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. కోటు బాగుంది. అబ్బాయి ఏం చేస్తుంటాడు?"

నేను నవ్వలేక కుట్టుమిషను మీద వాలిపోయాను. వారం తిరక్కుండానే ఆ సైటువాళ్లు డిపో ఖాతాలన్నీ మూసేశారు. ఒకే కంప్యూటరులోంచి, ఒకే టీ టైములో, అంతమందికి ఒకే పేజీ నచ్చడం ఎక్కడా లేదని ఉత్తరం పంపారు. టైర్ల మేస్త్రీ వచ్చి, "ఓడిపోయారా సార్?" అని పరామర్శించి వెళ్లాడు.

ఇప్పుడు మా మరదలి గురించి చెప్పాలి. మేమంతా ఉండేది ఒకే ఇంట్లో. కింద నా షాపు, పైన గదులు. మా మరదలు పెద్ద లైబ్రరీలో పనిచేస్తుంది. కొత్త పుస్తకం వస్తే తిరగేసి, అది దేని గురించో తేల్చి, ఏ అరలోకి వెళ్లాలో చీటీ రాసి అంటించడం ఆమె పని. మాట తక్కువ, ఆ ఉన్న మాట మాత్రం గురి తప్పదు. మొగుడు చేసిన ఘనకార్యం విని చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"దువ్వెన మీద జుట్టు రాలడం అని అంటించారా? మీరేనా?"

"దువ్వెనకీ జుట్టుకీ సంబంధం లేదా?" అని వీడు గొణిగాడు.

"తప్పు చీటీ పడ్డ పుస్తకం ఇక దొరకదండీ. బిల్డింగులోనే ఉంటుంది, కానీ కావలసినవాడి చేతికి రాదు. అది మీ గదిలో పడి ఉన్న సామానుతో సమానం. తెలిసి తెలిసి ఎలా అంటించారు?"

వాడు నా వంక చూశాడు. నేను గుండీలు లెక్కపెట్టుకునేదానిలా తల వంచుకున్నాను.

అసలు ఈ సైటు ఏమిటో చూద్దామని మరదలు తనూ ఒక ఖాతా తెరిచింది. చూద్దామని తెరిచిన మనిషి ఆ తర్వాత దాన్ని వదల్లేదు. తనకు కనిపించిన పనికొచ్చే పేజీలన్నీ తెచ్చి తన అరలో పెట్టేది. ఒక్కోదాని కింద ఒక్కటే లైను రాసేది, అది ఎవరికి కావాలో. "కొత్త కళ్లజోడుతో తల తిరుగుతున్నవారికి." "అద్దె ఇంటి గోడకు మేకు కొట్టాలా వద్దా అని తటపటాయిస్తున్నవారికి." "పక్కింటి కుక్క మొరుగుడు భరించలేనివారికి. కుక్కతో ఏం చేయాలో ఇందులో ఉంది. పక్కింటివాళ్లతో ఏం చేయాలో లేదు." కత్తెరలకు సాన పట్టడం మీద ఆమె పెట్టిన పేజీ నేనూ వాడాను. ఆదివారం ఆదివారం అర దులిపేది. పాతబడిపోయినవి, పని తీరిపోయినవి నిర్దాక్షిణ్యంగా తీసి పారేసేది.

చూస్తుండగానే మా మరదలి అరకు జనం అలవాటు పడిపోయారు. ఊరూ పేరూ తెలియని మనుషులు పొద్దున లేవగానే ఈవిడ ఏం పెట్టిందా అని చూసుకునేవాళ్లు. వాళ్లూ తమ అరల్లో దాచుకునేవాళ్లు. ఆమె వేలు పెట్టి చూపించిన పేజీ మర్నాటికల్లా మొదటి పేజీలో ఉండేది. తను సొంతంగా ఒక్క ముక్క రాసింది లేదు!

మా వాడికి నిద్ర కరువైంది. కొన్నాళ్లు బింకంగా ఉన్నాడు, ఇక ఆగలేక ఒక రోజు భోజనాల దగ్గర అడిగేశాడు.

"నాది ఒక్కటి పెట్టకూడదూ?"

"పెడతాను. ఇది ఎవరికి కావాలి? ఆ ఒక్క లైను మీరే చెప్పండి, ఇప్పుడే పెడతాను."

వాడు ముద్ద నోటి దగ్గర ఆపి చాలాసేపు ఆలోచించాడు. "మనసున్నవారికి" అన్నాడు.

"మనసున్నవాళ్లు నా దగ్గరికి గోడకు మేకు కొట్టడానికి వస్తున్నారండీ. వాళ్లకు గొడుగు కన్నీళ్లు అంటగట్టలేను."

తర్వాత చెవిలో జోరీగలా చాలాసార్లు అడిగాడు. ఆమె ప్రతిసారీ అదే ప్రశ్న వేసేది. ఒక మధ్యాహ్నం నా షాపులో స్టూలు మీద కూర్చుని, కింద పడ్డ గుడ్డ ముక్కలు ఏరుతూ అన్నాడు: "లోకమంతా చదవక్కర్లేదక్కా. తన అరలో నాదొక్కటి ఉంటే చాలు. పక్కింటి కుక్కకి కూడా అక్కడ చోటుంది, నాకు లేదు."

నవ్వబోయాను గానీ వాడి గొంతు విని ఆగిపోయాను. ఎంతైనా నేను ఎత్తుకుని పెంచినవాడు. వాడికి కావలసింది పాఠకులు కాదు, ఇంట్లో మనిషి "ఇది బాగుంది" అనడం. అది అడిగి తెచ్చుకునేది కాదని వాడికెలా చెప్పను?

చెప్పాల్సింది. ఆ వారమే వాడి బుద్ధి గడ్డి తింది.

పొద్దున మరదలు స్నానానికి వెళ్లింది. ఫోను బల్ల మీద ఉంది. వీడు దాన్ని తీసి, ఆమె అరలో తన గొడుగు పేజీ పెట్టేశాడు. దాని కింద లైను కూడా అచ్చం ఆమె రాసినట్టే రాశాడు: "గొడుగు పోగొట్టుకున్నవారికి." పెట్టి, ఫోను యథాస్థానంలో ఉంచి, ఏమీ ఎరగనట్టు డ్యూటీకి వెళ్లాడు.

ఊళ్లో గొడుగు పోగొట్టుకోనివాళ్లెవరు చెప్పండి? మా మరదలి మాట మీద గురి ఉన్నవాళ్లంతా ఆ పేజీ తెరిచారు. అందులో మా వాడు గొడుగును మెడ దగ్గర్నుంచి తోక దాకా వర్ణించి ఉన్నాడు. ముదురాకుపచ్చ గుడ్డ, బాతు మెడలా వంగిన చెక్క పిడి, బాతు కంటి చోట చిన్న ఎర్రరాయి. చూడముచ్చటైన గొడుగే మరి. రూటు నంబరుతో సహా, ఏ డిపోలో ఉందో కూడా రాశాడు మహానుభావుడు.

మర్నాడు మధ్యాహ్నానికి డిపో గేటు దాకా వరస. సమ్మె ఏమైనా మొదలైందా అని నేను కొలతల టేపు మెడలో ఉండగానే రోడ్డు దాటి పరుగెత్తాను. జనాన్ని తోసుకుని కిటికీ పక్కకు చేరేసరికి ఒకావిడ చెప్తోంది: "ముదురాకుపచ్చ గొడుగండీ. బాతు మెడలా వంగిన చెక్క పిడి. కంటి చోట చిన్న ఎర్రరాయి."

ఆమె వెనకాయనా అదే చెప్పాడు. ఆ వెనక అమ్మాయీ అదే. వీడికి చెమటలు పట్టాయి. కట్టుబాటు ప్రకారం గుర్తు చెప్పినవాళ్లకు వస్తువు ఇవ్వాలి, ఇక్కడ వరసలో ఉన్నవాళ్లందరికీ గుర్తులు నోటికి వచ్చు. ఇంతలో ఒక గుబురు మీసాలాయన ముందుకొచ్చి, కళ్లు మూసుకుని, చేయి ఛాతీ మీద పెట్టుకుని మొదలుపెట్టాడు: "ఓ గొడుగా! నీ యజమాని నిన్ను విడిచి వెళ్లిన ఆ వాన సాయంత్రం, నీ ఊచల వెంట జారింది వాన నీరా..."

"కన్నీరా" అని అందించాడు మా తమ్ముడు.

తను రాసిన మాట ఇంకో మనిషి నోట వినడం వాడికి జీవితంలో అదే మొదటిసారి. కళ్లు చెమర్చాయి. నేను చూస్తుండగానే చేయి పైకి వెళ్లింది, అరలోంచి గొడుగు దించింది, కిటికీలోంచి మీసాలాయనకు అందించబోయింది. "ఒరేయ్!" అని నేను అరిచిన అరుపు జనంలో కలిసిపోయింది. సమయానికి వెనక తలుపులోంచి డిపో మేనేజరు వచ్చి గొడుగు పట్టుకున్నాడు.

"ఏమయ్యా, నీకు మతి ఉందా? ఆయన గుర్తులు చెప్పట్లేదు. నువ్వు రాసింది నీకే వినిపిస్తున్నాడు!" అని మీసాలాయన వైపు తిరిగాడు. "ఏమండీ, ఇది నొక్కితే తెరుచుకుంటుందా, తోస్తే తెరుచుకుంటుందా?"

"నొక్కితే" అన్నాడు మీసాలాయన ధీమాగా.

"ఎలాగూ తెరుచుకోదు. లోపల ఊచ విరిగింది. వెళ్లిరండి."

వరస కరిగిపోయింది. పోతూ పోతూ మీసాలాయన మా వాడితో, "రాసింది మాత్రం బాగుందండీ" అన్నాడు. అంతటి అవమానంలోనూ వీడి మొహం ఒక్క క్షణం వెలిగింది, నేను చూశాను. మేనేజరు మాత్రం ఆ వెలుగు ఆర్పేశాడు. "గుర్తులన్నీ ఊరంతా చాటించి, మళ్లీ గుర్తులు చెప్పమని కిటికీలో కూర్చుంటావా? ఇంకోసారి ఇలాంటి వరస కనిపించిందంటే టైర్ల షెడ్డుకు పంపిస్తాను" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మరదలికి అంతా తెలిసిపోయింది. ఆమె అర కింద జనం రాశారు: "మీ మాట నమ్మి సెలవు పెట్టుకుని వెళ్లానమ్మా." "మీరు కూడా ఇలా చేస్తారనుకోలేదు." ఆమె ఆ లింకు తీసేసి, అందరికీ క్షమాపణ రాసి కూర్చుంది. కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు.

"వాళ్లు వచ్చింది మీ గొడుగు కోసం కాదు. నా మాట కోసం. అది నాది. నన్ను అడక్కుండా వాడేసుకున్నారు" అంది.

"తప్పయిపోయింది" అన్నాడు వాడు.

"అయింది కదా. ఇక మీ పేజీ నా అరలో ఉండదు. ఎప్పటికీ అడగకండి."

ఆ తర్వాత ఇంట్లో మాటలు ఉప్పు ఏది, తాళం ఏది అన్నంతవరకే జరిగేవి. నేను వాడిని కూర్చోబెట్టి దులిపేశాను. "పరాయివాళ్ల సంచీ గుర్తు లేనిదే ముట్టుకోనివాడివి, పెళ్లాం ఫోను ఎలా ముట్టుకున్నావురా?" అన్నాను. "బ్లాగు మూసేస్తానక్కా" అన్నాడు. "మూసెయ్, నాకు పొద్దున్నే ప్రాణం హాయిగా ఉంటుంది" అనేశాను గానీ, మర్నాటినుంచి వాడు ఫోను లేకుండా వచ్చి ఊరికే షట్టరు ఎత్తి పోతుంటే నాకు అస్సలు బాగాలేదు. ఆ గొడుగు ఏడుపే నయమనిపించింది.

అలా ఉండగా డిపోలో వాడి గదికి ఒక బూటు వచ్చింది.

చిన్నపిల్ల బూటు, ఎడమకాలిది. ఏదో బస్సులో చివరి సీటు కింద దొరికింది. దాని అడుగు మామూలుగా లేదు. ఒకదాని మీద ఒకటి పొరలు వేసి మందంగా కట్టారు. అంటే ఆ పిల్లకు ఆ కాలు కాస్త పొట్టి. వీడు దాన్ని అరలో పెట్టకుండా బల్ల మీదే ఉంచుకున్నాడు. ఎవరూ రాలేదు. అడిగేవాళ్లు లేని సామాను కొన్నాళ్లకు వేలం వేస్తారు. ఒంటి బూటు ఎవడు కొంటాడు, చెత్తలోకి పోతుంది. నేను ఏదో పని మీద వెళ్లినప్పుడల్లా వాడు దాన్ని చేతిలో తిప్పుతూ కనిపించేవాడు.

ఒక రోజు మధ్యాహ్నం షాపులో పని లేక, మూసేశాడా లేదా అని వాడి బ్లాగు తెరిచి చూశాను. ఎవరూ నిలబడి చదివించకుండా నేను చదవడం అదే మొదటిసారి. కొత్తది ఒకటి ఉంది. ఇంతే ఉంది:

"ఒక పిల్ల బూటు బస్సులో దొరికింది. ఎడమకాలిది. అడుగు మందంగా వేసి ఉంది. ఇది లేకపోతే ఆ పిల్లకు నడవడం కష్టం. అందుకని తొందరగా రండి. లోపల ఒక గుర్తు ఉంది. అది నేను చెప్పను. మీరు చెప్పాలి."

ఓ అనలేదు, ఆహా అనలేదు. కన్నీళ్లు ఎవరికీ పెట్టలేదు. నాకు మాత్రం కళ్లు మసకబారాయి. కుట్టు వదిలేసి, ఫోను పట్టుకుని మెట్లెక్కి పైకి పరుగెత్తాను. ఆ రోజు మరదలికి సెలవు.

"అమ్మాయ్, కోపం తర్వాత పడుదువుగాని, ముందు ఇది చదువు."

"చదివాను వదినా."

"ఎప్పుడు చదివావు?"

"రాయగానే. ఆయన రాసినవి ఏదీ వదల్లేదు. చదవకుండా వద్దనడం మా పనిలో ఉండదు. అన్నీ చదివాకే వద్దన్నాను."

ఆమె తన ఫోను నా వైపు తిప్పింది. అప్పటికే అరలో పెట్టేసింది. కింద ఆమె లైను: "బస్సులో పిల్ల బూటు పోగొట్టుకున్నవారికి."

"అయితే కోపం తగ్గిందన్నమాట!"

"కోపం కోపమే వదినా. ఇది బూటు సంగతి."

మా వాడికి ఎవరం చెప్పలేదు. సాయంత్రం వాడే చూసుకున్నట్టున్నాడు. షాపులోకి వచ్చి, నా టేబులు మీద చాక్ ముక్కలన్నీ వరసగా సర్ది వెళ్లిపోయాడు.

ఆ పేజీ చేతులు మారింది. ఒకరి అరలోంచి ఇంకొకరి అరలోకి, అక్కడినుంచి నడవడం కష్టమైన పిల్లల తల్లిదండ్రులు దాచుకునే అరల్లోకి వెళ్లింది. ఈసారి డిపోలో వరస కట్టినవాళ్లు లేరు, ఎందుకంటే ఈసారి గుర్తు ఏమిటో ఎవరికీ తెలియదు. బ్లాగు కింద మాత్రం వందలమంది అడిగారు, బూటు చేరిందా, లోపల గుర్తు ఏమిటని.

ఒక పొద్దున ఒక తల్లి, కూతుర్ని తీసుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. నేను వాడి చొక్కా గుండీ కుట్టే నెపంతో అక్కడే ఉన్నాను. నెపం అని ఒప్పుకుంటున్నాను. తల్లి గబగబా చెప్పింది, గోధుమరంగు బూటు, ఎడమకాలిది, ఇన్ని పొరలు, ఫలానా చోట చేయించాం అని. అన్నీ కలిశాయి.

"లోపల ఒక గుర్తు ఉందమ్మా" అన్నాడు వీడు.

"గుర్తా? లోపల ఏముంటుంది? ఏమీ లేదే!" అందావిడ. అని, కంగారుపడింది. "ఇది మా పిల్లదేనండీ. దాని కాలు చూడండి కావాలంటే."

"ఇచ్చేయరా బాబూ!" అన్నాను నేను. వాడు ఇచ్చేసేవాడే, చేయి అప్పటికే బూటు మీద ఉంది. ఈలోగా ఆ పిల్ల మునివేళ్ల మీద లేచి కిటికీ పట్టుకుంది.

"అంకుల్, మా అమ్మకు చెప్పనంటే చెప్తాను."

వీడు వంగి చెవి పెట్టాడు. పిల్లలు గుసగుస అనుకునేది గదంతా వినబడుతుందని అందరికీ తెలిసిందే. తల్లి పాపం అటు తిరిగి ఏమీ విననట్టు టైర్ల షెడ్డు చూస్తోంది.

"మడమ కింద జిరాఫీ ఉంటుంది. కాలు పొడుగవ్వాలని అంటించాను."

వీడు బూటు లోపలి మెత్త పైకెత్తి చూశాడు. అరిగి, రంగు వెలిసిపోయి, మెడ మాత్రం ఇంకా కనిపిస్తూ, ఒక జిరాఫీ బొమ్మ అక్కడ అంటించి ఉంది. మెత్త మళ్లీ జాగ్రత్తగా సర్దాడు. "సరిపోయింది" అని బూటు రెండు చేతులతో ఆ పిల్లకే అందించాడు. తర్వాత ఏదో వెతుకుతున్నట్టు గొడుగుల అర వెనక్కి వెళ్లి చాలాసేపు రాలేదు. నాకూ ఆ పూట గుండీ సరిగ్గా పడలేదు, సూది రెండుసార్లు వేలికే దిగింది.

ఈ జిరాఫీ సంగతి నేను ఆ పిల్లను అడక్కుండా బయటపెడుతున్నానని అనుకోకండి. ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఆ పిల్ల ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, ప్యాంట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది, ఒక కాలు కాస్త పొట్టిగా కుడతాను. "చెప్పుకోండి ఆంటీ, ఆ జిరాఫీ నన్ను నిలువునా మోసం చేసిందని కూడా చెప్పండి" అని తనే అంది.

మా తమ్ముడు మాత్రం రాయలేదు. వందలమంది అడుగుతుంటే "ఇచ్చేశాను" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. "విరిగిన గొడుగుకు అంత ఏడుపు రాశావు, ఇంత మంచిది దొరికితే రాయవేంట్రా?" అన్నాను. "అది ఆ పిల్ల గుర్తక్కా. నాది కాదు" అన్నాడు. పక్క గదిలో మరదలు ఉంది. గిన్నెల చప్పుడు కాస్త ఆగి, మళ్లీ మొదలైంది.

ఆ తర్వాత ఆదివారం వచ్చింది. ఆదివారం అంటే మా మరదలు అర దులిపే రోజు. బూటు చేరిపోయింది, కాబట్టి ఆ లింకుతో ఇక ఎవరికీ పని లేదు. పని తీరినదాన్ని ఆమె ఒక్క పూట కూడా ఉంచదు. అది ఆమె పద్ధతి, వాడికీ తెలుసు. ఆమె బల్ల దగ్గర ఫోను పట్టుకుని కూర్చోగానే వాడు స్టూలు ఎక్కి ఫ్యాను రెక్కలు తుడవడం మొదలుపెట్టాడు. ఆ రెక్కలు అప్పటికే అద్దంలా ఉన్నాయి. ఆమె ఒక్కోటి చూస్తూ, కొన్ని తీసేస్తూ, ఏదో రాసి, ఫోను బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లింది.

వాడు స్టూలు దిగాడు. బల్ల దగ్గరికి రాలేదు. ఆమె ఫోను వైపు చూడను కూడా చూడలేదు, ఆ పాఠం వాడికి బాగా ఒంటబట్టింది.

"నీ ఫోనులో చూడక్కా. తీసేసిందా?"

నా ఫోను తీసి ఆమె అర తెరిచాను. తీసేయలేదు. పైన లింకు అలాగే ఉంది. కింద లైను మాత్రం మార్చింది. వాడికి వినబడేలా పైకి చదివాను.

"బూటు చేరింది. అయినా చదవండి."

వాడు నా చేతిలోంచి ఫోను తీసుకుని తనే చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు. గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది, దాంతోనే మొహం తుడుచుకున్నాడు.

"టీ ఎవరికి కావాలి?" అని లోపల్నుంచి మరదలు అడిగింది.

వాడు ఆ లైను మళ్లీ మొదటినుంచి చదువుకుంటున్నాడు. "వీడికి కావాలమ్మా" అని నేనే చెప్పాను.